పీటముడి పడ్డ తరంగాలు: టోపలాజికల్ సాలిటాన్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫీల్డ్ థియరీ క్లాసులోనూ, క్లాసు అయిపోయాక క్యాంటీన్ బల్ల దగ్గరా ఎమ్మెస్సీ పిల్లలు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. గుర్తులతో సమీకరణాలు రాయకుండా మాటల్లోనే చెప్పాను. ఇంటర్ లెక్కలు గుర్తుంటే ముప్పావు వంతు అర్థమవుతుంది. మిగతా పావు వంతుతో కుస్తీ పట్టక తప్పదు, నేనూ పట్టాను.

సాలిటాన్ అంటే ఏమిటి?

చెదిరిపోని తరంగం. చెరువులో రాయి వేస్తే అలలు లేచి, వెడల్పై, పలచబడి, గట్టు చేరేలోపే మాయమవుతాయి. సాలిటాన్ అలా పలచబడదు. ఒకచోట గుట్టగా నిలిచి, ఆకారం మారకుండా సాగిపోతుంది. అలను పరిచేసే డిస్పర్షన్ దాన్ని ఒకవైపు లాగుతుంటే, పోగేసే నాన్‌లీనియర్ ప్రభావం ఇంకోవైపు లాగుతుంటుంది. రెండూ సరితూగితే సాలిటాన్ నిలుస్తుంది. నాన్‌లీనియర్ అంటే భయపడక్కర్లేదు: రెండు పరిష్కారాలను కూడితే వచ్చేది మళ్లీ పరిష్కారం కాదు, అంతే.

గుర్రం మీద తరంగాన్ని తరిమిన కథ నిజమేనా?

నిజమే. 1834 ఆగస్టులో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కాలువలో గుర్రాలు లాగుతున్న పడవ ఒక్కసారిగా ఆగింది. దాని ముందు పోగైన నీళ్లు నున్నటి గుట్టలా లేచి, పడవను అక్కడే వదిలేసి ముందుకు సాగాయి. జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజినీరు గుర్రం మీద దాని వెంటపడ్డాడు. సుమారు 30 అడుగుల పొడవు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు, గంటకు 8, 9 మైళ్ల వేగం. మైలో రెండు మైళ్లో పోయాక కాలువ మలుపుల్లో జాడ తప్పింది. 1844లో అతను నివేదిక ఇస్తే ఎయిరీ, స్టోక్స్ లాంటి పెద్దలు అంత తేలిగ్గా నమ్మలేదు. దానికి తగిన సమీకరణాన్ని కోర్టెవెగ్, డి వ్రీస్ 1895లో రాశారు. ‘సాలిటాన్’ అన్న పేరు 1965లో జబుస్కీ, క్రుస్కల్ పెట్టారు.

కథ బాగుంటుంది గానీ, ఈ పేజీలో మనం మాట్లాడుకునేది ఆ జాతి సాలిటాన్ గురించి కాదు.

ఎందుకు కాదు? రెండింటికీ తేడా ఏమిటి?

జారుముడికీ పీటముడికీ ఉన్నంత తేడా.

కాలువలో లేచిన నీటి గుట్టను మనసులోనే అరచేత్తో మెల్లగా అదిమి చూడండి. ఎత్తు తగ్గి, తగ్గి, సున్నా అవుతుంది. ఎక్కడా తెగలేదు, చిరగలేదు. సూత్రప్రాయంగా దాన్ని చదును చేయకుండా ఆపేది ఏదీ లేదు. అది నిలబడటానికి కారణం వేరే: ఆ సమీకరణానికి లెక్కలేనన్ని నిత్యత్వ నియమాలున్నాయి, అవి దాన్ని కట్టిపడేస్తాయి. సమీకరణాన్ని కాస్త మారిస్తే ఆ రక్షణ పోతుంది.

ఇప్పుడు ఒక ఎలాస్టిక్ పట్టీ తీసుకోండి. దాని పొడవునా గుండుసూదులు దగ్గర దగ్గరగా గుచ్చి, రెండు చివరలూ బిగించి దండెంలా కట్టండి. సూదులన్నీ కిందికి వేలాడతాయి. ఒక చివర విప్పి, ఒక పూర్తి చుట్టు తిప్పి మళ్లీ బిగించండి. ఈసారి కూడా సూదులు దాదాపు అన్నీ కిందికే వేలాడతాయి, ఒక్కచోట తప్ప. అక్కడ కొన్ని సూదులు పక్కకు తిరిగి, పైకి లేచి, అటువైపుగా దిగి ఒక మెలిక కనిపిస్తుంది. దాన్ని వేలితో అటూ ఇటూ జరపొచ్చు. చివరలు విప్పకుండా, పట్టీ తెంపకుండా దాన్ని పోగొట్టడం మాత్రం ఎవరి తరమూ కాదు. భౌతిక శాస్త్రంలో దీన్ని కింక్ అంటారు. దీన్ని నడిపేది సైన్-గోర్డన్ సమీకరణం. సూదులు కాస్త వంకరగా ఉన్నా, పట్టీ ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉన్నా మెలిక మెలికే. ఇది పీటముడి, అంటే టోపలాజికల్ సాలిటాన్: తెంపకుండా ఎంత సాగదీసినా, వంచినా మారని లక్షణాలను చదివే టోపాలజీ దీన్ని కాపాడుతుంది.

‘చుట్ల సంఖ్య’ అంటారు కదా, అది దేన్ని లెక్కపెడుతుంది?

మన నుంచి చాలా దూరంలో క్షేత్రం ఏం చేస్తోందో దాన్ని. క్షేత్రం (ఫీల్డ్) అంటే ప్రతి బిందువు దగ్గరా ఉండే ఒక విలువ; పట్టీలో అయితే సూది తిరిగిన కోణం. మొత్తం శక్తి అనంతం కాకుండా ఉండాలంటే దూరంగా పోయేకొద్దీ క్షేత్రం తన కనిష్ఠ శక్తి స్థితికి చేరాలి. అలాంటి స్థితి ఒక్కటే ఉంటే కథ అక్కడితో ముగుస్తుంది. చాలా ఉంటే, ఏ దిక్కున ఏ స్థితికి చేరాలన్న ప్రశ్న వస్తుంది.

పట్టీకి ఉన్నవి రెండు చివరలే. ఎడమ చివర సున్నా చుట్లు, కుడి చివర ఒక చుట్టు, తేడా 1. రెండు కొలతల (డైమెన్షన్ల) తలంలో అయితే దూరం ఒక వృత్తం. ఆ వృత్తం చుట్టూ మనం ఒకసారి తిరిగొస్తే క్షేత్రం దిశ కూడా ఒకసారి తిరిగొస్తే, మధ్యలో ఎక్కడో ఒక సుడి ఉండి తీరాలి. మూడు కొలతల్లో దూరం ఒక గోళం. గోళాన్ని గోళం మీద ఎన్నిసార్లు చుట్టారన్నదే లెక్క. అక్కడ మధ్యలో ఉండేది మోనోపోల్, అంటే ఒంటరి అయస్కాంత ధ్రువం. ప్రతిసారీ వచ్చేది పూర్ణాంకమే. ఒకటి నుంచి సున్నాకు పోవాలంటే మధ్యలో 0.7, 0.3 లేవు. క్షేత్రం ఎంత నెమ్మదిగా మారినా పూర్ణాంకం నెమ్మదిగా మారలేదు, కాబట్టి అసలు మారదు. టోపాలజీ ఇచ్చే రక్షణంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

అయితే చుట్ల సంఖ్య సున్నా కాకపోతే సాలిటాన్ ఉన్నట్టేనా?

కాదు. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. ముడి ఊడదని టోపాలజీ హామీ ఇస్తుంది. కానీ ఆ ముడి బిగుసుకుంటూ పోయి ఒక బిందువంత చిన్నదైపోదని హామీ ఇవ్వదు. ఆ సంగతి శక్తిని అడగాలి. జి. హెచ్. డెరిక్ 1964లో అడిగాడు.

ఆయన వాదన ఎంత చిన్నదంటే, మొదటిసారి చదివినప్పుడు ఏదో మోసం ఉందనుకున్నాను. క్షేత్రం శక్తిలో రెండు భాగాలుంటాయి. ఒకటి క్షేత్రం చోటు నుంచి చోటుకు మారినందుకు కట్టాల్సినది, దాన్ని వాలు శక్తి అందాం. రెండోది కనిష్ఠ స్థితిలో లేనందుకు కట్టాల్సినది, అది స్థితిశక్తి. ఇప్పుడు సాలిటాన్‌ను అన్ని వైపులా రెండింతలు సాగదీయండి. ఒక కొలతలో వాలు శక్తి సగమవుతుంది, స్థితిశక్తి రెట్టింపవుతుంది. ఒకటి తగ్గితే ఒకటి పెరుగుతోంది కాబట్టి మధ్యలో ఎక్కడో రాజీ కుదురుతుంది. పట్టీ మీది మెలికకు ఒక నికరమైన వెడల్పు ఉండటానికి కారణం అదే.

మూడు కొలతల్లో అదే పని చేస్తే వాలు శక్తి రెట్టింపు, స్థితిశక్తి 8 రెట్లు. రెండూ పెరిగాయి. అంటే కుదిస్తే రెండూ తగ్గుతాయి. ఇక ఆపేదేముంది? సాలిటాన్ కుంచించుకుపోయి బిందువవుతుంది. రెండు కొలతల్లో వాలు శక్తి మారదు, స్థితిశక్తి 4 రెట్లు. అక్కడా కుదించడమే లాభం. మామూలు స్కేలార్ క్షేత్రాలతో (బిందువు బిందువుకూ దిశ లేని సంఖ్యలే ఉండేవాటితో) రెండు, మూడు కొలతల్లో నిశ్చలమైన సాలిటాన్లు నిలవకపోవడానికి కారణం ఇదే.

ఆ తర్వాత వచ్చిన ప్రతి టోపలాజికల్ సాలిటాన్‌నీ డెరిక్ వేసిన ఈ తాళాన్ని ఎలా తీశారన్న ప్రశ్నతో చదవొచ్చు. సుడికి, మోనోపోల్‌కి విద్యుదయస్కాంత క్షేత్రం లాంటి గేజ్ క్షేత్రం తాళంచెవి. దాని అయస్కాంత శక్తి కుదించేకొద్దీ పెరుగుతుంది కాబట్టి లోపల్నుంచి తోస్తుంది. భౌతిక శాస్త్రవేత్త టోనీ స్కిర్మ్ వాలు శక్తిలో నాలుగు అవకలజాలున్న అదనపు పదం చేర్చాడు. మూడు కొలతల్లో సగానికి కుదిస్తే అది రెట్టింపవుతుంది. కొన్ని అయస్కాంత పదార్థాల్లో స్పిన్‌లను (పరమాణువుల్లోని బుల్లి అయస్కాంతాలను) మెలితిప్పే ఒక ప్రభావం ఉంది, అదే తాళంచెవి. తాళం ఒకటే, చెవులు మాత్రం నాలుగైదు.

బోగొమోల్నీ పద్ధతి గురించి వింటుంటాం. అదేమిటి?

ఎనిమిదో తరగతి లెక్క. రెండు సంఖ్యల వర్గాల మొత్తం వాటి లబ్ధానికి రెట్టింపు కంటే ఎప్పుడూ తక్కువ కాదు, ఎందుకంటే వాటి భేదానికి వర్గం రుణసంఖ్య కాలేదు. 1976లో బోగొమోల్నీ సాలిటాన్ శక్తిని ఇలా రెండు వర్గాల మొత్తంగా రాస్తే, మిగిలిన లబ్ధం పదం అచ్చంగా చుట్ల సంఖ్య అయి కూర్చుంది. అంటే శక్తికి ఒక నేల, ఇంతకంటే కిందికి పోలేదన్న హద్దు దొరికింది, ఆ నేల ఎత్తును టోపాలజీ నిర్ణయిస్తుంది.

సూదుల పట్టీతోనే చూద్దాం. ప్రామాణిక యూనిట్లలో కోణంలో సగానికి సైన్ తీసి, రెండుతో గుణించి, సున్నా నుంచి ఒక పూర్తి చుట్టు దాకా ఇంటిగ్రేట్ చేయండి. 8 వస్తుంది. కింక్ శక్తి అదే. అవకలన సమీకరణాన్ని ముట్టుకోనేలేదు, గమనించారా? పైగా నేలను తాకాలంటే భేదం సున్నా కావాలి కాబట్టి, రెండో ఆర్డర్ సమీకరణం బదులు తేలికైన మొదటి ఆర్డర్ సమీకరణం చేతికొస్తుంది.

1975లో బెలావిన్, పొల్యకోవ్ స్థితిశక్తి లేని రెండు కొలతల ఫెర్రో అయస్కాంత నమూనాలో ఇదే పని చేశారు. ఆ మొదటి ఆర్డర్ సమీకరణాలు మనం డిగ్రీలో సంకీర్ణ సంఖ్యల పాఠంలో చదివిన కోషీ-రీమాన్ సమీకరణాలుగా తేలాయి! పరీక్ష కోసం బట్టీ పట్టినవి అయస్కాంతం లోపల కూర్చుని ఉన్నాయన్నమాట.

జ్యామితి ఎక్కడ వస్తుంది? టోపాలజీ, జ్యామితి ఒకటే కదా?

ఒకటి కాదు. టోపాలజీకి లెక్కపెట్టడం వచ్చు, కొలవడం రాదు. పొడవు, కోణం, వక్రత అన్నామంటే జ్యామితిలోకి వచ్చినట్టే.

పాత ఉదాహరణ సైన్-గోర్డన్ సమీకరణమే. దాన్ని భౌతిక శాస్త్రం కనిపెట్టలేదు. 1862లో ఎడ్మండ్ బూర్ ఉపరితలాలను అధ్యయనం చేస్తుంటే అది దొరికింది. ప్రతి బిందువు దగ్గరా వక్రత మైనస్ 1గా ఉండే ఉపరితలం మీద రెండు రకాల ప్రత్యేక రేఖలు గీయొచ్చు. అవి ఖండించుకునే కోణం పాటించే నియమమే ఆ సమీకరణం. నిలిచి ఉన్న కింక్‌కు సరిపోయే ఉపరితలం సూడోస్ఫియర్, అంటే సన్నాయి బూర నోరులాంటి ఆకారం. కదిలే కింక్‌కు అదే ఆకారం మెలితిరిగి డీని ఉపరితలమవుతుంది. ఒక ఉపరితలం నుంచి ఇంకోదాన్ని పుట్టించడానికి 1880లలో బాక్‌లుండ్ చెప్పిన ఉపాయమే ఈ రోజు ఒక సాలిటాన్ నుంచి రెండు సాలిటాన్లను రాబట్టడానికి వాడుతున్నాం.

రెండు సుడులు ఎదురెదురుగా గుద్దుకుంటే పక్కలకు 90 డిగ్రీలు తిరిగి పోతాయట. ఎలా?

నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. జవాబు ఒక వర్గ సమీకరణంలో ఉంది.

టైప్ 1, టైప్ 2 సూపర్‌కండక్టర్ల మధ్య సరిగ్గా సరిహద్దు విలువ దగ్గర సుడుల మధ్య బలం ఉండదు. సూపర్‌కండక్టర్ అంటే నిరోధం లేకుండా విద్యుత్తును మోసే పదార్థం; టైప్ 1లో సుడులు ఆకర్షించుకుంటాయి, టైప్ 2లో వికర్షించుకుంటాయి, సరిహద్దు దగ్గర రెండూ చెల్లుకు చెల్లు. 1980లో క్లిఫర్డ్ టాబ్స్ నిరూపించినదేమిటంటే, అప్పుడు తలం మీద మీకు నచ్చిన బిందువుల్లో సుడులను పెట్టుకోవచ్చు, ప్రతి అమరికకూ ఒకే ఒక్క పరిష్కారం ఉంటుంది, అన్నిటి శక్తీ సమానమే. ఈ అమరికలన్నీ కలిస్తే వచ్చే ప్రదేశాన్ని మాడ్యులై స్పేస్ అంటారు. 1982లో నిక్ మాంటన్ మోనోపోల్‌ల విషయంలో చెప్పిన ఆలోచన సుడులకూ వర్తిస్తుంది: నెమ్మదిగా కదిలే సాలిటాన్ల కదలికంతా ఆ ప్రదేశం మీద జియోడెసిక్ గీతే, అంటే వంపు తిరిగిన నేల మీద తిన్నగా నడవడమే. అనంతమైన చరరాశులున్న క్షేత్ర సమీకరణం నాలుగైదు చరరాశుల జ్యామితిగా మారిపోయింది.

ఇక 90 డిగ్రీల సంగతి. రెండు సుడుల్లో ఇది రాముడు, అది భీముడు అని పేర్లు పెట్టలేం. రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి మధ్య నుంచి ఒకవైపు, రెండోది సరిగ్గా ఎదురువైపు ఉన్నాయనుకోండి. వాటి స్థానాలను సంకీర్ణ సంఖ్యలుగా రాస్తే ప్లస్ 2, మైనస్ 2. తారుమారు చేసినా అదే అమరిక కాబట్టి అసలు గుర్తుపెట్టుకోవాల్సింది స్థానాన్ని కాదు, దాని వర్గాన్ని: 4. సుడులు దగ్గరయ్యేకొద్దీ ఆ వర్గం 4 నుంచి 1కి, 1 నుంచి 0కి వస్తుంది. తిన్నగా నడుస్తున్నది అక్కడ ఆగదు, వెనక్కీ తిరగదు; మైనస్ 1కి, మైనస్ 4కి పోతుంది. మైనస్ 4కు వర్గమూలాలేమిటి? కల్పిత అక్షం మీద పైన ఒకటి, కింద ఒకటి. అడ్డంగా వచ్చినవి నిలువుగా వెళ్లిపోయాయి. ఏ సుడి ఎటు తిరిగిందని అడగొద్దు, ఆ ప్రశ్నకు అర్థం లేదు.

మోనోపోల్‌లదీ ఇదే తీరు. రెండు మోనోపోల్‌ల మాడ్యులై స్పేస్ మీద దూరాలు కొలిచే కచ్చితమైన సూత్రాన్ని 1985లో అతియా, హిచిన్ కనిపెట్టారు.

ప్రోటాన్ కూడా ఒక ముడేనంటారు. నమ్మొచ్చా?

మంచి నమూనాగా నమ్మొచ్చు. స్కిర్మ్ 1960ల మొదట్లో పయాన్ (కేంద్రకంలో బలాన్ని మోసే కణం) క్షేత్రం ఒక్కటే తీసుకుని, ప్రోటాన్, న్యూట్రాన్ అందులో పడ్డ మెలికలని, బేరియాన్ సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు మొత్తం ఎన్నన్న లెక్క) అంటే చుట్ల సంఖ్యేనని అన్నాడు. ఆ మెలికలనే స్కిర్మియాన్లు అంటారు. చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1980లలో క్వార్క్ సిద్ధాంతం వైపు నుంచి దీనికి బలం దొరికింది. 1983లో ఆడ్కిన్స్, నాపీ, విటెన్ న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) లక్షణాలను లెక్కగడితే ప్రయోగ విలువలతో సుమారు 30 శాతం తేడాలో సరిపోయాయి. ఇంత తక్కువ సరుకుతో వండిన వంటకు అది మంచి రుచే, కానీ పెళ్లి భోజనం కాదు.

చుట్ల సంఖ్య పెరిగితే వచ్చే ఆకారాలు చూడముచ్చటగా ఉంటాయి. 1కి గోళం. 2కి గారె ఆకారం, నడుమ చిల్లుతో సహా. 3కి చతుర్ముఖి, 4కి ఘనం. బోగొమోల్నీ నేల ఇక్కడా ఉంది, కానీ మన చదును ప్రదేశంలో స్కిర్మియాన్ దాన్ని తాకలేదు. చుట్ల సంఖ్య 1 ఉన్నది 23 శాతం పైనే తేలుతుంది. ఎందుకో మాంటన్ జ్యామితితో చెప్పాడు. స్కిర్మియాన్ అంటే చదును ప్రదేశాన్ని మూడు కొలతల గోళం మీద పరచడం. బంతికి కాగితం చుట్టితే ముడతలు పడక తప్పదు కదా, ఆ ముడతల ఖర్చే ఆ 23 శాతం. ప్రదేశమే తగిన సైజు గోళమైతే ముడతలు ఉండవు, నేల అందుతుంది.

ఇవన్నీ కాగితం మీదేనా, ల్యాబులో ఎవరైనా చూశారా?

చూశారు. సూపర్‌కండక్టర్‌లో సుడులను అబ్రికొసోవ్ 1957లో లెక్కించాడు, 2003లో నోబెల్ వచ్చింది. ఒక్కో సుడి మోసే అయస్కాంత ఫ్లక్స్ 2.07 × 10⁻¹⁵ వెబర్, ఆ పూర్ణాంకం కొలతకు అందిందన్నమాట. అయస్కాంతంలో స్పిన్‌లు మెలిపడి ఏర్పడే స్కిర్మియాన్లు ఉండొచ్చని బొగ్దానోవ్, యబ్లోన్‌స్కీ 1989లో అన్నారు. 2009లో మాంగనీస్ సిలిసైడ్‌లో న్యూట్రాన్లతో చూశారు, 2010లో ఇంకో పదార్థంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద నేరుగా ఫొటో తీశారు.

ఒక హెచ్చరిక. వీటికి ‘టోపలాజికల్ రక్షణ’ ఉంది కాబట్టి చెరగవని వార్తల్లో రాసేస్తుంటారు. క్షేత్రం అవిచ్ఛిన్నంగా ఉన్నంతవరకే ఆ మాట నిజం. అయస్కాంతం పరమాణువులతో చేసినది, పరమాణువుకూ పరమాణువుకూ మధ్య ఖాళీ ఉంది. స్కిర్మియాన్ ఆ ఖాళీ అంత చిన్నదైతే సందులోంచి జారిపోగలదు. అడ్డుగా ఉన్నది గోడే, ఆకాశం దాకా లేచిన గోడ కాదు. పీటముడిని కూడా పళ్లతో లాగి విప్పేవాళ్లుంటారు.

మోనోపోల్ దొరికిందా?

లేదు. అది ఉండొచ్చని 1931లో డిరాక్ అన్నాడు, 1974లో టి హూఫ్ట్, పొల్యకోవ్ విడివిడిగా అది సాలిటాన్‌గా ఎలా పుడుతుందో చూపారు. 1982 ఫిబ్రవరి 14న స్టాన్‌ఫర్డ్‌లో కబ్రేరా పరికరంలో ఒకే ఒక్క సంకేతం వచ్చింది. మళ్లీ రాలేదు.

ముడి అంటున్నారు కదా, నిజంగా తాడు ముడిలా ఉండే సాలిటాన్లున్నాయా?

ఉన్నాయి. కెల్విన్ 1867లో పరమాణువులన్నీ ఈథర్‌లో (ప్రదేశమంతా నిండి ఉందని అప్పట్లో అనుకున్న పదార్థంలో) ముడిపడ్డ సుడులేనేమో అన్నాడు. అది తప్పని తేలింది, కానీ ఊహ చావలేదు. 1975లో ఫదీవ్ సూచించిన నమూనాలో సాలిటాన్లను లెక్కపెట్టేది చుట్ల సంఖ్య కాదు, రెండు ఉంగరాలు ఒకదానిలో ఒకటి ఎన్నిసార్లు చిక్కుకున్నాయన్న సంఖ్య. 1998లో బ్యాటీ, సట్‌క్లిఫ్ కంప్యూటర్లో లెక్కిస్తే ఆ సంఖ్య 7 దగ్గర సాలిటాన్ తనంతట తానే మూడు మడతల ముడి పడింది. ఎవరూ ముడి వేయలేదు, శక్తి తగ్గించుకుంటూ పోతే అదే పడింది.

మన దేశం నుంచి ఎవరైనా పనిచేశారా?

ఎం. లక్ష్మణన్ 1977లో చేసినది సరిగ్గా ఈ పేజీ విషయమే. అయస్కాంతంలో స్పిన్‌ల వరుసను ఆయన ప్రదేశంలో కదిలే ఒక వక్రరేఖగా చూశాడు. ఆ రేఖ ఎంత వంగిందో, ఎంత మెలితిరిగిందో రాస్తే అది ఆప్టికల్ ఫైబర్లలో వాడే నాన్‌లీనియర్ ష్రోడింగర్ సమీకరణమే అయింది. ఎ. పి. బాలచంద్రన్ బృందం 1980ల మొదట్లో స్కిర్మ్ ఆలోచనను మళ్లీ వెలుగులోకి తెచ్చినవాళ్లలో ఉంది. ఇక 1965లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో నరసింహన్, శేషాద్రి నిరూపించిన సిద్ధాంతం చూడటానికి శుద్ధ గణితం. 1983లో డొనాల్డ్‌సన్ దాన్ని వక్రత భాషలో మళ్లీ నిరూపించాక, సుడుల సమీకరణాలను మూసిన ఉపరితలాల మీద చదివే దారి తెరుచుకుంది. అక్కడ ఒక సరదా ఫలితం ఉంది: ప్రామాణిక యూనిట్లలో ఒక్కో సుడికి 4π కంటే ఎక్కువ వైశాల్యం కావాలి. చోటు చాలకపోతే ఇంకో సుడి పట్టదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కింక్‌తో. ఒక కొలతలో డెరిక్ వాదన, బోగొమోల్నీ వర్గం రెండూ చేత్తో లెక్కించండి. తర్వాత సుడి. చుట్లను లెక్కపెట్టే హోమోటోపీ గ్రూపుల కోసం ముందుగా టోపాలజీ పుస్తకం మొత్తం చదవాలని కూర్చుంటే ఏడాది పోతుంది. వృత్తం మీద వృత్తం, గోళం మీద గోళం చుట్టడం అర్థమైతే చాలు, మిగతాది అవసరాన్ని బట్టి వస్తుంది.

ఇంకోటి, ఆ పట్టీ నిజంగా చేయండి. లంగాలకు వేసే ఎలాస్టిక్ రెండు మీటర్లు, ఒక డబ్బా గుండుసూదులు చాలు. సెంటీమీటరుకు ఒకటి చొప్పున, బరువైన తల కిందికి వేలాడేలా గుచ్చండి. ఒక చివర కిటికీ ఊచకు, ఇంకో చివర కుర్చీకి కట్టండి. ఒక చుట్టు కుడికి, ఒక చుట్టు ఎడమకు తిప్పి రెండు మెలికలు పెట్టి, దగ్గరికి జరిపి వదలండి. రెండూ కలిసి ఒక్కసారిగా విదిలించుకుంటాయి, సూదులన్నీ కాసేపు ఊగుతాయి. ఒకటి, మైనస్ ఒకటి కూడితే సున్నా. రెండూ ఒకే వైపు తిప్పినవైతే ఎంత నొక్కినా కలవవు. వేళ్లకు సూదులు గుచ్చుకుంటాయి, చూసుకోండి.